‘కంపోస్టబుల్’ కవర్లు కొనేవారికి ఒక హెచ్చరిక

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు, మిఠాయి దుకాణాలు నడుపుతున్నవారూ, ఇంట్లో శుభకార్యాలకు టోకున సామాను కొనేవారూ ఈ విషయం తప్పక గమనించాలని కోరుతున్నాను. కంపోస్టబుల్ అని, అంటే కంపోస్టు ఎరువులాగా మట్టిలో కలిసిపోతాయని నమ్మబలికి, మామూలు కవర్ల కంటే దాదాపు రెట్టింపు ధర తీసుకుని, నెల్లూరులోని ఒక టోకు దుకాణం వారు నా కర్రీ పాయింటుకు అమ్మిన క్యారీ బ్యాగులు అచ్చమైన పల్చటి ప్లాస్టిక్ అని తేలింది.

కట్టల మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాటలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. తయారీదారు పేరు కనిపించకపోవడంతో కొనేటప్పుడే ధ్రువపత్రం అడిగాను. “ఫోన్‌కు పంపిస్తానక్కా, ఊరంతా ఇవే తీసుకుపోతున్నారు” అని దుకాణదారు చెప్పారు. పంపిన మాట నిజమే గానీ, అది వేరే రాష్ట్రంలోని ఒక కంపెనీ పేరిట ఉంది. ఆ కంపెనీ పేరు కవర్ల మీద గానీ, కట్టల మీద గానీ ఎక్కడా లేదు. ఆ తేడా గురించి అడగబోయేలోగానే తనిఖీకి వచ్చిన పారిశుద్ధ్య సిబ్బంది కవర్లను నిషేధిత సరుకుగా లెక్కగట్టి, స్వాధీనం చేసుకుని, నాకు జరిమానా వేశారు. దుకాణదారు సరుకు వెనక్కి తీసుకోవడానికీ ఒప్పుకోలేదు, సరైన బిల్లు ఇవ్వడానికీ ఒప్పుకోలేదు.

ఈ మోసానికి చోటు ఎక్కడ దొరుకుతున్నదో తెలిస్తే కొనేటప్పుడు జాగ్రత్తపడడం సులువవుతుంది. 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల తయారీ, అమ్మకం, వాడకం నిషిద్ధం. అయితే కంపోస్టబుల్ ప్లాస్టిక్‌తో చేసిన సంచులకు ఈ మందం నిబంధన వర్తించదు. అందుచేత పల్చటి కవరును బహిరంగంగా అమ్మాలనుకునేవారికి దాని మీద ‘కంపోస్టబుల్’ అనో, అలాంటిదే మరో మాటో అచ్చు వేయడమే దగ్గరి దారి అయింది. నిజమైన కంపోస్టబుల్ సరుకు ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి తగినట్లు ఉండాలి. అమ్మకానికి ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం పొందాలి. అలా ధ్రువపత్రం పొందిన తయారీదారుల జాబితా మండలి వెబ్‌సైటులో ఉంది. కవరు మీది పేరు, ధ్రువపత్రంలోని పేరు, జాబితాలోని పేరు ఈ మూడూ ఒకటే అయితేనే డబ్బు చెల్లించండి.

పెరట్లో గుంత తీసి పాతిపెట్టి చూస్తే అసలూ నకిలీ తెలుస్తాయని కొందరు చెబుతున్నారు. ఆ పరీక్షను నమ్ముకోవద్దు. ఈ ప్రమాణం పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల్లోని వేడిని, అంటే దాదాపు 58 డిగ్రీలను, దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది కనుక, అసలైన కంపోస్టబుల్ కవరు కూడా ఇంటి గుంతలో నెలల తరబడి అలాగే ఉండవచ్చు. నకిలీది మాత్రం సర్వేపల్లి కాలువలో పడినా, పెన్నలో పడినా ముక్కలవుతుందే తప్ప మాయం కాదు. తుపాను వానలకు కాలువలు పొంగినప్పుడు పూడికతో పాటు బయటపడే కవర్లను చూసినవారెవరికీ ఇది కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇదే దుకాణాల్లో ‘గుడ్డ సంచులు’ అని అమ్ముతున్న రంగురంగుల సంచుల సంగతి కూడా చూడండి. వాటిలో చాలావరకు నేసిన గుడ్డ కావు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన నాన్ వోవెన్ సంచులు. చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ బరువున్నవి 2021 సెప్టెంబరు 30 నుంచే నిషేధంలో ఉన్నాయి. అంచు దగ్గర లాగి చూడండి. నూలు గుడ్డ అయితే పడుగూ పేకా దారాలు విడిగా వస్తాయి, ఇది పీచులాగా చిరుగుతుంది. పేపరు కప్పుల లోపలి పూత కూడా సాధారణంగా ప్లాస్టిక్కే.

దుకాణదారు చివరకు చెప్పిన మాట ఇక్కడ రాయడం న్యాయం. కంపోస్టబుల్ ముడిసరుకు ఖరీదైనదనీ, ఆ ధరకు కొనేవారు లేరనీ, పెద్ద కంపెనీల చిప్స్ ప్యాకెట్లనూ షాంపూ సాషేలనూ నిషేధించకుండా చిన్న వ్యాపారుల మీదే పడుతున్నారనీ ఆయన బాధ. ప్యాకెట్ల విషయంలో ఆయన మాట కాదనలేనిది. 2022 జులై 1న నిషేధించిన జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి గానీ ఆ ప్యాకెట్లు లేవు, వాటి వ్యర్థాలను సేకరించే బాధ్యత మాత్రమే కంపెనీల మీద పెట్టారు. పెద్ద కంపెనీలు కూడా ఊరకే ఒప్పుకోలేదు. చిన్న ప్యాకెట్లలో పానీయాలు అమ్మే సంస్థలు స్ట్రాల నిషేధానికి గడువు పెంచమని అప్పట్లో కేంద్రాన్ని కోరాయి. అయినా, ఆ అన్యాయానికి పరిహారం నా దగ్గర రెట్టింపు ధర గుంజడం కాదు. కొనుగోలుదారుల్లోనూ రెండు రకాల వారున్నారు: ప్లాస్టిక్ పోవాలని గట్టిగా అనేవారే సాయంత్రం సాంబారుకు వట్టి చేతులతో వస్తారు, మరికొందరు ఏమీ అనకుండానే స్టీలు గిన్నె తెచ్చుకుంటారు. గిన్నె తెచ్చినవారికి నేను కొంత ధర తగ్గిస్తున్నాను.

మీరూ ఇలాగే మోసపోయి ఉంటే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వ్యాపారానికి కొన్న సరుకు కనుక మనం వినియోగదారులం కామని దుకాణం వారు వాదించవచ్చు. కానీ స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. ఫిర్యాదు చేసేవరకు ఒక కట్టను విప్పకుండా ఉంచండి. చెల్లింపు వివరాలు, వారు ఫోన్‌కు పంపిన ధ్రువపత్రం చెరిపివేయవద్దు.