పాత స్కీలు కొంటున్నారా? ముందు బైండింగ్ కింద చూడండి

మినియాపోలిస్ చుట్టుపక్కల ఈ చలికాలం క్రాస్ కంట్రీ స్కీయింగ్ మొదలుపెట్టాలనుకుంటున్న తెలుగువాళ్లు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

గత జనవరిలో 120 డాలర్లకు ఒక పాత జత కొన్నాను. ‘బైండింగ్ బాగుచేసినది, గట్టిగా ఉంది’ అని ప్రకటనలో రాశారు. బైండింగ్ అంటే బూటు ముందుభాగాన్ని స్కీకి పట్టి ఉంచే బిగింపు. చేత్తో లాగి చూశాను, కదల్లేదు, నమ్మాను. రెండో వారం ఎల్మ్ క్రీక్ పార్కులో మిట్ట ఎక్కుతూ కుడికాలితో తన్నగానే బైండింగ్ స్క్రూలతో సహా ఊడి బూటుకు వేలాడింది. మోకాలి మీద పడ్డాను. చలి సున్నాకు 14 డిగ్రీలు దిగువన ఉంది. కారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. నాతో మా పన్నెండేళ్ల అమ్మాయి ఉంది. వేళ్లు తిమ్మిరెక్కి అది ఏడుస్తుంటే నాకు కలిగిన భయం ఇంకే తండ్రికీ కలగకూడదు.

ఇంటికి వచ్చి చూస్తే సంగతి బయటపడింది. రంధ్రాల్లో మర ఎప్పుడో పోయింది. స్కీ లోపలి చెక్క తడికి నల్లబడి, గోటితో గీకితే రాలుతోంది. దాన్ని ఆరనివ్వకుండానే ఎపాక్సీ జిగురు పోసి స్క్రూలు బిగించారు. జిగురు చెక్కను పట్టుకోలేదు. స్క్రూ చుట్టూ గొట్టంలా గట్టిపడి, దానితోపాటే ఊడివచ్చింది. ఇంట్లో బాగుచేసుకోవడాన్ని నేను తప్పుపట్టను. లోపలి చెక్క పాడైన సంగతి అడిగినా చెప్పకుండా అమ్మడాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను.

కొనేటప్పుడు మీ బూటు తీసుకెళ్లి తగిలించి, మడమ పైకెత్తి ముందుకు వంగండి. బైండింగ్ అంచుకూ స్కీకీ మధ్య వెంట్రుకంత సందు కనిపించినా వదిలేయండి. తర్వాత స్కీని తిరగేసి, బైండింగ్‌కు సరిగ్గా కింద అడుగుభాగాన్ని వేలితో తడమండి. చిన్న బొడిపె తగిలిందంటే స్క్రూ మరీ పొడవైనదన్నమాట, లేదా డ్రిల్లు లోతుకు దిగిందన్నమాట. స్క్రూల తలలు కూడా చూడండి. వీటికి కావలసింది పోజిడ్రైవ్ 3 రకం స్క్రూడ్రైవర్. మామూలు ప్లస్ గుర్తు స్క్రూడ్రైవర్ వాడితే తలల మీది గాడులు అరిగిపోతాయి. గాడులు అరిగి ఉంటే ఆ పని తెలియనివాళ్లు చేసినట్టే. బూటు అడుగున రెండు సన్నని గాడులు ఉంటే ఎన్‌ఎన్‌ఎన్ పద్ధతి, ఒకే వెడల్పు గాడి ఉంటే ఎస్‌ఎన్‌ఎస్. ఒకదాని బూటు మరోదాని బైండింగ్‌కు పట్టదు.

నా స్కీలను వారం రోజులు ఇంట్లో ఆరబెట్టాను. మెత్తబడిన చెక్కను గీకి తీసేసి, పాత రంధ్రాలను ఎపాక్సీతో పూడ్చాను. బైండింగ్‌ను సెంటీమీటరు ముందుకు జరిపి, 3.6 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌కు లోతు గుర్తుగా టేపు చుట్టి, కొత్త రంధ్రాలు వేశాను. ఇప్పుడు నిలిచింది. అయినా పార్కింగ్ కనిపించేంత దూరం దాటి వాటితో వెళ్లడం లేదు.

అదే అమ్మకందారు నిన్న మరో జత అమ్మకానికి పెట్టారు, ఈసారి పిల్లల సైజు. ప్రకటనలోని ఫొటోను పెద్దది చేసి చూడండి. బైండింగ్ అంచు పొడవునా ఎండిన జిగురు గీత కనిపిస్తోంది.