మూత్రంలో షుగర్ చూపించి కిడ్నీ పొడి అంటగడుతున్నారు, జాగ్రత్త

హన్మకొండ, కాజీపేట వైపు కాలనీల్లో ఆదివారం పొద్దున ‘ఉచిత కిడ్నీ పరీక్ష’ అని టేబుల్ వేసుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తే దయచేసి ఇది చదివాకే వెళ్లండి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే తప్పకుండా చదవండి. మాకు 6,800 రూపాయలు పోయాయి. డబ్బుదేముంది, మా బాపు పన్నెండు రోజులు గోలీలు మానేశాడు. నా బాధంతా దాని గురించే.

బాపు చేతికి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి మూత్రం పట్టుకురమ్మన్నారు. రంగురంగుల గళ్లున్న స్ట్రిప్ అందులో ముంచి, కాసేపాగి, సీసా మీదున్న రంగుల పట్టీ పక్కన పెట్టారు. షుగర్ గడి ముదురు గోధుమ రంగుకు తిరిగింది. “నాలుగు ప్లస్‌లు పెద్దాయనా, మీ కిడ్నీలు షుగర్‌ను ఆపలేకపోతున్నయ్. ఆ గోలీలు మింగీ మింగీ ఇట్లయింది” అన్నాడు తెల్లకోటు అబ్బాయి. మా పెద్దబాపు డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. ఆ మాటతో మా అందరికీ కాళ్లాడలేదు. మూడు నెలలకు సరిపడా పొడి అక్కడికక్కడే కొన్నాం.

పన్నెండో రోజుకు బాపుకి నోరు పిడచగట్టుకుపోతోంది. పరగడుపు షుగర్ ఎప్పుడూ 120 దగ్గర ఉండేది, 214 వచ్చింది. టెన్షన్‌తో ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన గోలీల చీటీ చూసి అసలు సంగతి చెప్పారు. బాపు వేసుకునే వాటిలో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. దాని పనే షుగర్‌ను మూత్రంలోకి పంపడం!

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 గ్రాముల షుగర్‌ను రక్తంలోంచి వడకట్టి, దాదాపు మొత్తం మళ్లీ రక్తంలోకే లాగేసుకుంటాయి. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే అంతా లాగలేవు, మిగిలింది మూత్రంలోకి వస్తుంది. ఈ గోలీ ఆ లాగే పనినే కొంతవరకు ఆపుతుంది కాబట్టి రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా స్ట్రిప్ మీద ప్లస్‌లు పడతాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లకూ అంతే. పైగా కిడ్నీ జబ్బున్న చాలామందికి, కిడ్నీలను కాపాడటానికే డాక్టర్లు ఈ రకం మందు రాస్తారట.

ఆ రోజు నేను ఫోన్లో తీసిన స్ట్రిప్ ఫోటోను డాక్టర్ పెద్దది చేసి చూశారు. ప్రొటీన్ గడి పసుపుగానే ఉంది, అంటే మూత్రంలో ప్రొటీన్ కనబడలేదు. కిడ్నీ గురించి ఆ స్ట్రిప్ చెప్పగలిగే ముఖ్యమైన మాట అదే. ఆ అబ్బాయి దాని ఊసే ఎత్తలేదు. అదీ చాలదని, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం), మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి చేయించారు. ఈ నిష్పత్తి 30 లోపు ఉండాలి, బాపుకి 18 వచ్చింది. క్రియాటినిన్ 0.9, అదీ మామూలుగానే ఉంది. ఆ కాగితం చేతికొచ్చాకే మా అమ్మ అన్నం తిన్నది.

గర్భిణులకూ మూత్రంలో షుగర్ కనబడొచ్చు. కొందరికి పుట్టుకతోనే కిడ్నీ షుగర్‌ను కొంత వదిలేస్తుంది, చాలావరకు ప్రమాదం ఉండదు. అలాగని ప్లస్ వస్తే వదిలేయొద్దు, ఈ రకం గోలీలు వేసుకోనివాళ్లయితే వెంటనే రక్తంలో షుగర్ చూపించుకోవాలి. స్ట్రిప్‌లో షుగర్ లేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయని అనుకోవడమూ తప్పే. కిడ్నీ దెబ్బతిన్నా షుగర్ గడి రంగు మారకపోవచ్చు. ఎవరేం చెప్పినా, డాక్టర్‌ను అడగకుండా మాత్రం గోలీలు ఆపకండి.

మాకిచ్చిన బిల్లు మీద షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. పొడి డబ్బా మీద లైసెన్సు నంబరు కూడా లేదు. రెండు డబ్బాలు సీలు తీయకుండా దాచాం, సోమవారం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇస్తాం. మీ ఇంట్లోనూ అలాంటివి ఉంటే పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి, కలిసే వెళ్దాం.