సుంకి ఘాటీలో మిస్సింగు, మూడేళ్లుగా నా దగ్గరున్న వైరు గేజు

స్పార్క్ ప్లగ్గులో నిప్పురవ్వ దూకే ఖాళీని ప్లగ్ గ్యాపు అంటారు. అది చూడ్డానికి ఫీలర్ గేజు రేకులు (మందం రాసి ఉన్న చదును రేకులు) చాలని సిమిలిగుడ బండ్ల స్టాండులో నలుగురికీ చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట కొత్త ప్లగ్గుల వరకే అని ఇప్పుడు సవరించుకుంటున్నాను.

నాది నాలుగు సిలిండర్ల పెట్రోలు పికప్పు. అల్లం, కూరగాయలు సాలూరులో దింపి, తిరుగు లోడుతో సుంకి ఘాటీ (కొండ దారి) ఎక్కుతాను. మూడేళ్ల కిందట వానాకాలంలో పది బస్తాల ఉల్లిపాయలతో వస్తుంటే ఘాటీ మొదట్లోనే మిస్సింగు, అంటే ఇంజను మధ్యమధ్యలో మండకుండా తప్పడం, మొదలైంది. చదును రోడ్డు మీద ఏ లోపమూ లేదు. ఎత్తులో సెకండ్ గేరులో కాస్త నొక్కితే చాలు, ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు కుదుపులు. ఎలాగో ఇంటికి చేర్చాను. మిస్త్రీ చూసి ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ పోయిందన్నాడు, కొత్తది వేశాడు. ప్లగ్గుల్లో హ్యాక్సా బ్లేడు దూర్చి బాగున్నాయన్నాడు. ఆ బ్లేడు మందం 0.6 మిల్లీమీటర్ల చిల్లర. అది దూరితే గ్యాపు అంతకన్నా ఎక్కువని తెలుస్తుంది, ఎంత ఎక్కువో తెలీదు. తర్వాతి లోడుకి అదే మలుపు, అదే కుదుపు. డబ్బు పోయినందుకు కాదు, సగం ఘాటీలో లోడు బండితో ఆగిపోతానేమోనని భయమేసింది.

ఇంజను చల్లారాక ప్లగ్గులు నేనే విప్పాను. నా బండి పుస్తకంలో గ్యాపు 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు రేకు బిగువుగా దూరింది. సరిగ్గానే ఉందనుకున్నాను. జీపు నడిపే పక్కింటి మావయ్య రేకులకి బదులు వేర్వేరు మందాల గుండ్రటి తీగలుండే తన వైరు గేజు ఇచ్చి, "దీంతో చూడు అల్లుడా" అన్నాడు. 1.0 వైరు వదులుగా పోయింది. 1.2 కూడా పోయింది! టార్చి వేసి చూస్తే ప్లగ్గు చివర వంగి ఉండే పై కొమ్ము అడుగున చిన్న గుంట పడి ఉంది. చదును రేకు ఆ గుంట అంచుల మీదే ఆగుతుంది, గుండ్రటి వైరు లోపలిదాకా దిగుతుంది. గ్యాపు పెరిగితే నిప్పురవ్వకి ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు మీద సిలిండరులో ఒత్తిడి పెరిగి ఇంకా ఎక్కువ కావాలి. అందుకే ఘాటీలోనే మిస్సింగు.

కొమ్మును చెక్క మీద మెల్లగా తట్టి 1.0కి తెచ్చాను. మధ్య ఎలక్ట్రోడు జోలికి పోలేదు, పింగాణీ పగులుతుంది. మర్నాడు బండి ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. ఆ ఆనందంలో సొంత వైరు గేజు కొన్నాను. అరిగిన ప్లగ్గులు మాత్రం ఆ నెలలోనే మార్చాల్సి వచ్చింది.

గేజులోనూ లోపాలున్నాయి. ప్లగ్గు కొమ్ముని వంచడానికి దానికున్న కొక్కెం మందం, పట్టు సరిగా దొరకదు. మా కొండల మీద వానల్లో తీగలు తుప్పు పడతాయి, నూనె గుడ్డలో చుట్టి ఉంచాలి. ఇరీడియం ప్లగ్గుల దగ్గరికి దీన్ని తీసుకెళ్లను, వాటి మొన చాలా సన్నం. జయపురం ఊళ్లోనే తిరిగే బండికి ఇంత అవసరం పడకపోవచ్చు. నాది వారానికి మూడు ఘాటీలు, అందుకే వానలకి ముందు తప్పక చూస్తాను. ఈమధ్య 1.1 తీగ కాస్త వంగింది. కొత్తది కొనేదాకా దాని కొలత నమ్మను.