లంగరు పడకముందే అరవాలి: కేబుల్ నిఘా సర్వీస్‌తో ఏడాదిన్నర

సముద్రం అడుగున ఉన్న కేబుళ్లకు పైనుంచి కాపలా కాసే సర్వీస్ ఇది. ఓడలు తామెవరో, ఎక్కడున్నాయో, ఎంత వేగంతో వెళ్తున్నాయో చెబుతూ పంపే ఏఐఎస్ రేడియో సిగ్నళ్లను చూస్తూ ఉంటుంది. మన కేబుల్ దారి దగ్గర ఏ ఓడైనా వేగం తగ్గించినా, లంగరు వేసేలా కనిపించినా స్క్రీన్ మీద అలర్ట్ ఇస్తుంది. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను తిట్టబోయేవి కూడా వీళ్లొక్కరికే ప్రత్యేకం కాకపోవచ్చు. మా కంట్రోల్ రూమ్‌లో ఒక ఫైబర్ కేబుల్‌కీ, కొంత దూరం దాని పక్కనే వెళ్లే ఒక కరెంటు కేబుల్‌కీ దీన్ని వాడుతున్నాం. రాత్రి షిఫ్టులు ఎక్కువగా నావే కాబట్టి దీనితో కాపురం చేసింది నేనే అనుకోండి.

ఈ కుర్చీలోకి రాకముందు ఆరేళ్లు రిపేర్ ఓడలో కేబుల్ అతికే పని చేశాను. లంగరు తెంపిన కేబుల్ కొస ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. చుట్టూ ఉండే ఉక్కు తీగలు చీపురులా విచ్చుకుపోయి ఉంటాయి, తారు వాసన కొడుతుంటుంది, లోపలి రాగి గొట్టం పళ్ల కింద పడ్డట్టు నొక్కుకుపోయి ఉంటుంది. వెంట్రుకంత గాజు ఫైబర్లు ఆ గొట్టంలో ఎక్కడ విరిగాయో వెతుక్కుంటూ మంచి గాజు తగిలేదాకా మీటర్లకు మీటర్లు కోసి పారేయాలి. తీరానికి దగ్గర్లో వేసే ఈ ఉక్కు కవచం కేబుల్ మూడు వేళ్ల మందం ఉంటుంది. లోతు సముద్రంలోదైతే తోటకు నీళ్లు పట్టే పైపంతే.

ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 150 నుంచి 200 చోట్ల కేబుళ్లు పాడవుతుంటాయి. అందులో మూడొంతుల దాకా చేపల వలలు, లంగర్ల పనే. సొరచేపలు కొరుకుతాయన్న కథ అందరికీ ఇష్టం గానీ అసలు కథ ఇది.

సరే, సర్వీస్ సంగతికి వద్దాం. సెటప్ రోజే మొదటి తలనొప్పి. కేబుల్ దారిని వాళ్లు ఓడలవాళ్లు వాడే మామూలు చార్టు (సముద్ర పటం) చూసి గీసేశారు. చార్టు మీది గీత కెప్టెన్లకు జాగ్రత్త చెప్పడానికి సరిపోతుంది, కాపలాకు సరిపోదు. ఒకచోట రాళ్ల దిబ్బను తప్పించడానికి మేం కేబుల్‌ని వంపు తిప్పి వేశాం. వాళ్ల గీత తిన్నగా దిబ్బ మీదుగా వెళ్లిపోయింది. తేడా 400 మీటర్లు. కేబుల్ వేసినప్పటి అసలు కొలతల ఫైల్ మేమే పంపించి, ఎక్కించారో లేదో వంపు వంపునా సరిచూసుకున్నాం. మీరు తీసుకుంటే మొదటి రోజే ఈ పని చేయించండి.

తర్వాత నెలంతా 'నాన్నా పులి' కథే. మా కేబుల్‌కి కాస్త దూరంలో రేవులోకి వెళ్లే ఓడలు దారి చూపే పైలట్‌ని ఎక్కించుకునే చోటు ఉంది. వచ్చిన ప్రతి ఓడా అక్కడ వేగం తగ్గిస్తుంది, తగ్గించినప్పుడల్లా ఇది చెవికోసిన మేకలా అరుస్తుంది. ఒక రాత్రి లెక్కపెట్టాను, 31 అలర్ట్‌లు. ఒక్కటీ నిజం కాదు. పైలట్ బోటు పక్కన ఉంటే ఊరుకోమని ఒక నిబంధన పెట్టించడానికి సపోర్ట్ వాళ్లతో ఐదు వారాలు పట్టింది. పెట్టాక మాత్రం అలర్ట్‌లు రాత్రికి రెండు మూడుకి దిగాయి. ఆ మార్పుకి నిజంగానే మెచ్చుకున్నాను.

పెట్టిన ఖర్చుకి న్యాయం చేసిన రాత్రి ఒకటి చెబుతాను. తెల్లవారుజామున మూడింటికి ఒక సరుకు ఓడ, 11 నాట్లతో (నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వస్తున్నది, పది నిమిషాల్లో నాటున్నరకి పడిపోయింది. సరిగ్గా కేబుల్ పైన, నీళ్లు 60 మీటర్ల లోతున్న చోట. ఇంజిన్ ఆగిపోయిన ఓడ చేసే మొదటి పని లంగరు దించడం. మాకు ఓడలతో నేరుగా మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో లేదు, పోర్ట్ కంట్రోల్‌కి ఫోన్ చేయాలి. అక్కడున్నావిడ నన్ను రెండో ప్రశ్న అడగలేదు. ఓడలన్నీ వినే రేడియో చానల్ 16లో ఓడని పిలిచి, 'కింద కరెంటు కేబుల్ ఉంది, గాలి మిమ్మల్ని ఉత్తరానికి తోస్తోంది, కిలోమీటరు దాటాక వేసుకోండి' అని చెప్పింది. కెప్టెన్ 25 నిమిషాలు ఆగాడు. ఆ 25 నిమిషాలు కళ్లలో ఒత్తులు వేసుకుని స్క్రీన్ మీది చుక్కనే చూస్తూ కూర్చున్నాను. టెన్షన్‌తో నీళ్లు తాగడం కూడా మర్చిపోయాను. లంగరు కేబుల్‌కి కిలోమీటరు పైన అవతల పడింది.

అయితే ఆ రాత్రి కేబుల్‌ని కాపాడింది ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. పోర్ట్ కంట్రోల్ వాళ్లతో మాకు ముందే పరిచయం ఉంది, నంబర్ గోడ మీద రాసి ఉంది. సర్వీస్‌లో 'ఓడకి ఆటోమేటిక్‌గా ఈమెయిల్' అనే సదుపాయం ఉంది. ఇంజిన్ ఆగిన ఓడలో ఎవరు కూర్చుని మెయిల్ చూస్తారండీ?

ఇక లోపాలు. లంగరు వేసి ఆగిన ఓడ ఏఐఎస్ సిగ్నల్‌ని మూడు నిమిషాలకోసారే పంపుతుంది. కదిలే ఓడ అయితే రెండు నుంచి పది సెకన్లకోసారి పంపుతుంది. గాలివానలో లంగరు పట్టు తప్పి ఓడ జారుతోందనుకోండి, వేగం మూడు నాట్లు దాటకపోతే ఏఐఎస్ లెక్క ప్రకారం ఆ ఓడ ఇంకా ఆగి ఉన్నట్టే. రెండు నాట్లతో జారినా ఒక సిగ్నల్‌కీ ఇంకో సిగ్నల్‌కీ మధ్య 185 మీటర్లు వచ్చేస్తుంది. మేం కేబుల్‌కి రెండు వైపులా 500 మీటర్లు హద్దు పెట్టుకున్నాం. అంటే ఓడ హద్దులోకి వచ్చాక నాకు దక్కేది రెండు మూడు చుక్కలు. అందుకే గాలి హెచ్చరిక ఉన్న రోజుల్లో లంగరు చోట్ల వైపు హద్దుని రెండు కిలోమీటర్లకు పెంచుతాను. దీన్ని చేత్తోనే మార్చాలి. వాతావరణ సూచన చూసి తనంతట తను మార్చుకునే తెలివి దీనికి ఇంకా రాలేదు.

రెండోది ఇంకా పెద్దది. ఇది మొదట్లో 'నెమ్మదించిన ఓడ'నే అనుమానించేది. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య 650 మెగావాట్ల ఎస్ట్‌లింక్ 2 కరెంటు కేబుల్, దానితో పాటు నాలుగు టెలికాం కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఈగల్ ఎస్ అనే ట్యాంకర్ తన లంగరుని అడుగున దాదాపు 90 కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వెళ్లిందని ఫిన్లాండ్ దర్యాప్తులో తేలింది. అది ఆగలేదు, ప్రయాణం చేస్తూనే ఉంది. మా పాత సెట్టింగ్‌లో అలాంటి ఓడకి అలర్ట్ వచ్చేదే కాదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆ గొడవ జరిగిన చాన్నాళ్లకు వీళ్లు 'కారణం లేకుండా వేగం తగ్గడం' అనే కొత్త అలర్ట్ తెచ్చారు. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం లేకుండా ఓడ ఒకటి రెండు నాట్లు కోల్పోతే చెబుతుంది. పనిచేస్తోంది, కానీ ఇందులోనూ పులి కథలు మొదలయ్యాయి. ఎస్ట్‌లింక్ 2 మళ్లీ నడిచింది 2025 జూన్‌లో. కరెంటు కేబుల్ రిపేర్ అంటే అంత పని, అందుకే ఈ అలర్ట్‌ని ఆపేయమని మా కుర్రాళ్లు అడిగినా ఒప్పుకోలేదు.

ఏఐఎస్ ఆపేసి తిరిగే ఓడ దీనికి కనపడదు. అది అందరూ చెప్పేదే. ఫోన్ ఎత్తే మనిషే లేని ఓడ సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల దాడి తర్వాత రూబీమార్ అనే సరుకు ఓడని సిబ్బంది వదిలేసి వెళ్లిపోయారు. లంగరు దించి ఉన్న ఆ ఓడ కొట్టుకుపోయింది, అక్కడ మూడు కేబుళ్లు తెగింది ఆ లంగరు వల్లేనని ప్రాథమిక అంచనా. అలాంటప్పుడు నా దగ్గర ఉండేది మంచి రికార్డింగ్ మాత్రమే.

అదనంగా అమ్మే ఒక సదుపాయాన్ని రెండు నెలలు ట్రయల్‌కి తీసుకున్నాం. ఫైబర్‌లోకి లేజర్ వెలుగు పంపి, వెనక్కి చెదిరి వచ్చే వెలుగుని బట్టి కేబుల్ పొడవునా చప్పుళ్లు వింటారు. సిగ్నల్‌కి బలం పెంచే మొదటి రిపీటర్ దాకానే, అంటే మాకు 90 కిలోమీటర్ల లోపే. అయినా ఎక్కువ దెబ్బలు తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలోనే కాబట్టి అది పెద్ద లోటు కాదు. ట్రాలర్ వల నోరు తెరిచి ఉంచే బరువైన బోర్డులు అడుగున రాసుకుంటూ రావడం స్క్రీన్ మీద ఏటవాలు చారలా కనిపించింది. ఏఐఎస్‌లో ఆ పడవ లేనే లేదు. నాకైతే మ్యాప్ కన్నా ఇదే నచ్చింది. డేటా మాత్రం కొండలా పేరుకుపోతుంది, డిస్కులు ముందే చూసుకోండి.

ఆ ట్రయల్‌లోనే ఒక మరపడవ వల మా కేబుల్‌కి చిక్కుకుంది. వల పోతే నష్టమని ఆయన ఇంజిన్ పెంచి లాగబోతున్నాడు. కోసేయమన్నాం, వల డబ్బు మేం ఇస్తామన్నాం. ముందుగా తగిన జాగ్రత్తలు తీసుకుని కూడా, కేబుల్‌ని కాపాడటానికి వలో లంగరో వదులుకోవాల్సి వస్తే ఆ నష్టం కేబుల్ యజమాని భరించాలన్నది 1884 పారిస్ ఒప్పందం నాటి నుంచి ఉన్న మాటే. చాలామంది మత్స్యకారులకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ సర్వీస్ వాళ్ల అలర్ట్ మెసేజ్‌లో కూడా ఉండేది కాదు. ఆ ఒక్క వాక్యం చేర్చమని మూడుసార్లు రాశాను.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. ఇంకో ఏడాదికి రెన్యూ చేశాం, చప్పుళ్లు వినేది కూడా కలిపి. ఆ వాక్యం పోయిన వారమే చేర్చారు, వల అన్న మాట దగ్గర అచ్చు తప్పుతో సహా.