వాడిన కాక్లియర్ ప్రాసెసర్లు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నేను విజయవాడలో సొంతంగా ప్రాక్టీస్ చేసే ఆడియాలజిస్టుని, అంటే వినికిడి నిపుణురాలిని. వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి మ్యాపింగ్ (మెషీన్‌ని ఆ పిల్లకి తగ్గట్టు సర్దడం), థెరపీ చేస్తాను. "రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసిన) ప్రాసెసర్, వారంటీతో" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్రకటనల గురించి తల్లిదండ్రులకీ, నాలా విడిగా పనిచేసే ఆడియాలజిస్టులకీ ఈ హెచ్చరిక.

ఇంప్లాంట్ తలలోనే ఉన్నా, చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ లేకపోతే దానికి శబ్దం అందదు. అది రిపేరుకి వెళ్లిందంటే పిల్లకి ఆ చెవి మూసుకుపోయినట్టే. బడికి వెళ్లి ఊరికే కూర్చుని వస్తుంది. నాలాంటి చిన్న క్లినిక్కులకి లోనర్ మెషీన్లు, అంటే రిపేరు అయ్యేదాకా వాడుకోవడానికి తాత్కాలికంగా ఇచ్చేవి, దొరకడం కష్టం. అలాంటప్పుడు పిల్లలకి ఇవ్వడానికి ఒకటి ఉండాలని వాడిన ప్రాసెసర్ కొన్నాను.

అమ్మేవాడు పంపిన ఫొటోలో మోడల్, సీరియల్ నంబర్ సరిచూశాకే డబ్బు కట్టాను. పార్శిల్లో వచ్చింది వేరే మెషీన్. బిల్లు మీద ఫొటోలోని నంబరే ఉంది, మెషీన్ మీద మాత్రం ఇంకోటి. బ్యాటరీ కాంటాక్టులు పచ్చగా చిలుము పట్టాయి. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కి కలిపితే నా దగ్గరికి వచ్చే పిల్లల ఇంప్లాంట్లకి పనికొచ్చే తరం కాదని తేలింది. పైగా అంతకుముందు వాడినవాళ్ల మ్యాప్ లోపల అలాగే ఉంది.

నాకు కోపం తెప్పించింది ఈ చివరిదే. మ్యాప్ అంటే ఇంప్లాంట్‌లోని ఒక్కొక్క ఎలక్ట్రోడ్‌కి (చెవి నరానికి కరెంటు అందించే చిన్న తీగ కొన) ఎంత కరెంటు వెళ్లాలో ఆ ఒక్క మనిషికే కుదిర్చిన లెక్క. ఇంకొకరి మ్యాప్‌తో మెషీన్ పెడితే శబ్దం భరించలేనంత ఎక్కువగా తగలొచ్చు. ఒక్కసారి అలా అదిరిపోయిన పిల్ల ఆ తర్వాత కాయిల్ (ప్రాసెసర్‌కి ఉండే, తలకి అంటించే గుండ్రటి ముక్క) తల దగ్గరికి తెచ్చినా ఏడుస్తుంది. కొన్ని మోడళ్లు తమది కాని ఇంప్లాంట్‌ని గుర్తుపట్టి ఆగిపోతాయి, చాలా పాతవాటిలో ఆ రక్షణ ఉండదు. అమ్మేవాడు మాత్రం "పెట్టేయండి మేడం, వినిపిస్తుంది" అంటున్నాడు! ఇదే మాట ఊళ్లో ఉన్న ఒక తల్లికి చెబితే ఆమె నమ్మదా?

తిరిగి తీసుకోమంటే ముందు నా సాఫ్ట్‌వేర్ పాతదన్నాడు. తర్వాత మెడికల్ వస్తువులకి రిటర్న్ లేదన్నాడు. ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

ఇంప్లాంట్లు తయారుచేసే కాక్లియర్, మెడెల్, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్, ఏ కంపెనీ ఇంప్లాంట్‌కి ఆ కంపెనీ ప్రాసెసరే పనిచేస్తుంది. ఒకే కంపెనీలో కూడా అన్ని తరాలూ కలవవు. కాబట్టి ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు దగ్గర పెట్టుకోండి. ప్రాసెసర్ సీరియల్ నంబర్ కంపెనీ సర్వీసు సెంటర్‌కి పంపి, అది ఎవరి పేరున రిజిస్టరై ఉందో, వారంటీ ఉందో లేదో మెయిల్లో జవాబు తెప్పించుకోండి. మీ ఆడియాలజిస్టు ముందు మ్యాప్ చేసి చూశాకే పూర్తి డబ్బు ఇస్తామనండి. దానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి, ఎంత తక్కువకి ఇస్తానన్నా సరే.

మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆడియాలజిస్టులకి ఇంకో మాట: "మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కారు" అని బెదిరిస్తారు. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి మాత్రమే వాడుకునే వస్తువు కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులే. నేను ఆ దారిలోనే ఫిర్యాదు చేశాను. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లుంటే మిగతా డబ్బు ఆపేయండి, చాట్లూ ఫొటోలూ చెరిపేయకండి.