బుడమేరు లెక్క అడగాలంటే స్టార్ ప్రశ్నా, రాతప్రశ్నా?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది. కేంద్రం వరద సాయంగా ఎంత ఇచ్చిందో విజయవాడ ఎంపీ లోక్‌సభలో అడగాలంటే దారులు రెండు.

స్టార్ ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలతో అక్కడికక్కడే నిలదీయొచ్చు. టీవీలోనూ కనిపిస్తారు, అది వేరే సంగతి! కానీ రోజుకు 20కే చోటు. ప్రశ్నలకు ఉన్న గంటలో అవీ పూర్తికావు.

లెక్కలు కావాలంటే మాత్రం నా ఓటు రాతప్రశ్నకే, అంటే రాతలోనే జవాబొచ్చే ప్రశ్నకే. రోజుకు 230 దాకా తీసుకుంటారు. ఎదురుప్రశ్న వేసే వీలుండదు, నిజమే. అయితే "ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది" అని విడివిడిగా అడిగితే అంకెలు కాగితం మీదికొస్తాయి. "సమాచారం సేకరిస్తున్నాం" అని దాటేసినా అది హామీ కిందే లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, లేదంటే మంత్రుల హామీలను చూసే లోక్‌సభ హామీల కమిటీ వెంటపడుతుంది.