తూటా కేసుల శుభ్రత: పొడిగా తోమడమా, తడిగా కడగడమా?

పేల్చిన తూటా ఇత్తడి కేసును, అంటే మందు నింపే గొట్టాన్ని, మళ్లీ నింపి వాడుకునేవారిలో చాలామంది మొదట మెరుపు కోసమే ఆరాటపడతారు. కేసు తళతళలాడినంత మాత్రాన గురి కుదరదు. శుభ్రం చేయడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. కేసుకు అంటిన ఇసుక రేణువు ఒకటి సైజింగ్ డైలో (కేసును మళ్లీ సరైన కొలతకు తెచ్చే అచ్చులో) చేరి గీత పెడితే, ఆ తర్వాత అందులోంచి వచ్చే ప్రతి కేసు మీదా అదే గీత పడుతుంది. అంతకంటే ముఖ్యమైనది, మసి కింద దాగిన పగులు. బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ మీద సన్నని చీలిక, అడుగుకు కాస్త పైన చుట్టూరా కనిపించే లేత గీత: ఇలాంటివి ఉన్న కేసును పక్కన పెట్టాల్సిందే. ఆ గీత దగ్గరే కేసు రెండుగా తెగుతుంది. కాబట్టి ఏ పద్ధతినైనా నేను ముందు అడిగేది, కేసును నిజంగా చూడగలిగేలా చేస్తుందా అని. ఆ తర్వాత, నా ఊపిరితిత్తులకు హాని లేకుండా చేస్తుందా అని.

పొడి పద్ధతిలో అదిరే గిన్నెలో కేసులను పోసి, అక్రోటు పెంకుల రవ్వతోనో మొక్కజొన్న కండెల రవ్వతోనో కొన్ని గంటలు తిప్పుతారు. అక్రోటు పెంకు గట్టిది, మురికిని గీకుతుంది. కండె మెత్తనిది, మెరుగు పెడుతుంది. తడి లేదు కాబట్టి ఆరబెట్టే బాధ లేదు; రవ్వను దులిపేస్తే పని అయిపోయినట్టే. మెడ లోపల పల్చని మసి పొర మిగలడం కూడా ఒక రకంగా లాభమే. బుల్లెట్‌ను (తుపాకీ నుంచి దూసుకెళ్లే గుండును) కూర్చోబెట్టేటప్పుడు అది కందెనలా పనిచేస్తుంది. రైఫిల్‌తో కచ్చితమైన గురి కోరుకునేవారిలో కొందరు ఈ ఒక్క కారణంతోనే పొడి పద్ధతిని వదలరు.

కానీ ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న బిళ్ల) కూర్చునే గుంట ఇందులో సరిగా శుభ్రపడదు. ప్రైమర్ తీసేసి తిప్పితే, నిప్పు వెళ్లే చిన్న రంధ్రంలో రవ్వ ఇరుక్కుంటుంది. ఒక్కో కేసునూ చూసి తీయాలి. వీటిని ఓపికతో దాటవచ్చు. నన్ను భయపెట్టేది దుమ్ము. చాలా ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. పేలిన తర్వాత ఆ సీసం మసితో పాటు కేసులోనే మిగులుతుంది, అక్కడి నుంచి రవ్వలోకి చేరుతుంది. మూత తీసి జల్లెడ పట్టిన ప్రతిసారీ అది గాలిలోకి లేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ పని చేయనే కూడదు. చేయక తప్పకపోతే ఆరుబయట, మూత ఉన్న జల్లెడతో, మంచి మాస్కు పెట్టుకుని చేయాలి.

తడి పద్ధతిలో గుండ్రంగా తిరిగే డ్రమ్ములో నీళ్లు, కేసులు, సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, 6.5 మిల్లీమీటర్ల పొడవు ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వేస్తారు. గిన్నెలు తోమే ద్రవం కాస్త, నిమ్మ ఉప్పు చిటికెడు. ప్రైమర్లు ముందే తీసేస్తే గుంట, రంధ్రం, కేసు లోపలి గోడ, అన్నీ కొత్తవాటిలా బయటికి వస్తాయి. సన్నని పగులు కూడా ఇట్టే కంటికి కనిపిస్తుంది. సీసం గాలిలోకి లేవకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. అయితే ఆ నీళ్లూ విషమే. చేతులకు తొడుగులు వేసుకోవాలి. వంటింటి సింకులోనో మొక్కల పాదుల్లోనో పారబోయకూడదు.

నిమ్మ ఉప్పు విషయంలో చెయ్యి బిగపట్టాలి. తూటా కేసుల ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. పులుపు ఎక్కువై, ఎక్కువసేపు నానితే పైపొరలోని జింకు కరిగిపోయి కేసు గులాబీ రంగుకు తిరుగుతుంది. గంటల తరబడి తిప్పితే కేసుల మూతులు ఒకదానికొకటి తగిలి అంచులు మొద్దుబారతాయి. మెడలు మరీ శుభ్రమై బుల్లెట్‌ను గట్టిగా పట్టేస్తే, లోపల కొద్దిగా గ్రాఫైటు పొడి రాస్తే సరిపోతుంది. కేసులో పిన్ను మిగిలిపోవడం, తడి మిగిలిపోవడం మాత్రం క్షమించరాని పొరపాట్లు. తొందరపడి మంట మీద ఆరబెట్టకండి: అతి వేడికి కేసు అడుగు మెత్తబడితే పీడనాన్ని తట్టుకోలేదు. ఎండగానీ, 100 డిగ్రీల సెల్సియస్ లోపు వేడిగానీ చాలు. వంటకు వాడే ఓవెన్ మాత్రం వద్దు.

అల్ట్రాసోనిక్ తొట్టి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సూక్ష్మమైన బుడగలు పగిలి మూలల్లోని మసిని వదిలిస్తాయి; మెరుగు రాదు, ఒక్క విడతలో పట్టే కేసులూ తక్కువే.

ఏ పద్ధతిలోనైనా అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌ను దగ్గరికి రానివ్వకండి. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల కేసులు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, తయారీలో లోహంలో మిగిలిన ఒత్తిడి కలిసి చేసిన పని అది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ 1921లో దీన్ని శాస్త్రీయంగా వివరించారు. ఇంట్లో పాలిష్ డబ్బా తీసే ముందు ఆ కేసులను గుర్తు చేసుకోవాలి.

ఒక్క యంత్రమే కొనగలిగితే తడిదే కొనమంటాను. ఆరబెట్టే శ్రమ నాకూ విసుగే, కానీ సీసపు దుమ్ముతో పోలిస్తే అది పెద్ద శ్రమ కాదు. పొడి యంత్రం ముందే ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. కడిగిన కేసులకు, డైలో సైజు చేసేటప్పుడు అంటిన కందెన తీయడానికి కండెల రవ్వలో అరగంట తిప్పడాన్ని మించిన మార్గం నాకు కనిపించలేదు. అప్పటికి సీసం చాలావరకు కడుక్కుపోయి ఉంటుంది కూడా. కొత్త ప్రైమర్ పెట్టే ముందు ఒక్కో కేసునూ వెలుతురుకు ఎత్తి చూడండి, రంధ్రంలో రవ్వ గానీ లోపల పిన్ను గానీ మిగిలి ఉండవచ్చు.